కాలం తప్పితే తప్పు చేసినట్టేనా?

మన ఊళ్ళలో 'తప్పు' అనే మాటకు బరువెక్కువ. పెద్దలు కూర్చుని విచారించి, నువ్వు చేసింది తప్పు అని తేల్చితే ఆ మనిషి తప్పు కట్టాలి. చేసిన పనికీ అదే పేరు, కట్టే జరిమానాకూ అదే పేరు. ఆ మాటే బడిలోకీ వచ్చింది. ఇంగ్లీషు నోటుపుస్తకంలో ఎర్ర సిరా గీత పడినప్పుడు పిల్లవాడికి వినిపించేది 'తప్పు' అనే. తల దించుకుంటాడు. మర్నాడు ఇంగ్లీషు పీరియడంటే వెనక బెంచీకి జరుగుతాడు. పంచాయితీలో తప్పు, పుస్తకంలో తప్పు ఒకటేనా? మనం ఆలోచించాల్సిన ప్రశ్న ఇది.

ఒక వాక్యం చూద్దాం. 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్.' మనలో చాలామందిమి ఎప్పుడో ఒకప్పుడు ఇలా రాసినవాళ్ళమే. 'పదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను' అని చెప్పాలనుకున్నాం. తెలుగులో ఆ వాక్యానికి ఏ లోపమూ లేదు. 'ఉంటున్నాను' ఇప్పటి సంగతి చెప్తుంది, 'పదేళ్ళుగా' వెనకటి లెక్క చెప్తుంది. ఇంగ్లీషు అలా సరిపెట్టుకోదు. ఎప్పుడో మొదలై ఇవాళ్టికీ సాగుతున్న దానికి క్రియలోనే గుర్తు పెట్టమంటుంది: 'ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్.' మొదలైన రోజు చెప్పాలంటే 'సిన్స్', గడిచిన కాలం లెక్క చెప్పాలంటే 'ఫర్'.

'అన్నం తిన్నావా?' అంటే 'తిన్నాను' అంటాం. ఆ ఒక్క మాటకు ఇంగ్లీషులో రెండు దారులున్నాయి. నిన్న రాత్రి తిన్న సంగతైతే 'ఐ ఏట్'. ఇప్పుడు కడుపు నిండుగా ఉంది, వడ్డించొద్దు అని చెప్పాలంటే 'ఐ హ్యావ్ ఈటెన్'. 'ప్రతి వారం సంతకు వెళ్తాను', 'రేపు సంతకు వెళ్తాను' అని మనం ఒకే క్రియతో రెండూ చెప్తాం. ఇంగ్లీషు మొదటిదానికి 'గో' అంటుంది, రెండోదానికి 'విల్ గో' అంటుంది. అంటే పిల్లలు రాసే వాక్యాల వెనక ఒక లెక్క ఉంది. తమకు వచ్చిన భాష దారిలోనే నడిచి వాళ్ళు అక్కడికి చేరారు. ఇంట్లో కోయ, గోండి, సవర, కువి మాట్లాడే పిల్లలకైతే తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది.

క్రియలో కాలం గుర్తు పెట్టని భాషలు కూడా ప్రపంచంలో ఉన్నాయి. చైనీయుల మాండరిన్‌లో క్రియ కాలాన్ని బట్టి రూపం మారదు. నిన్న, రేపు అనే మాటలతోనో, సందర్భాన్ని బట్టో కాలం తెలుస్తుంది. అంతమాత్రాన వాళ్ళకు నిన్నకూ రేపటికీ తేడా తెలియదని ఎవరూ అనరు. ఇప్పపువ్వు రాలే రోజులు, చింతపండు కొట్టే రోజులు, విత్తనం చల్లే రోజులు లెక్క తప్పకుండా చెప్పే మన అవ్వలకు కాలం తెలియదా? కాలం తెలియడం వేరు, ఒక భాష కాలాన్ని ఎలా చెప్పమంటుందో తెలియడం వేరు.

ఇంగ్లీషు అడగనిది మన భాష అడిగే చోటు కూడా ఉంది. ఈ వ్యాసంలో 'మనం' అంటున్నాం. 'మేము' అని ఉంటే చదివేవాళ్ళు బయట మిగిలిపోయేవారు. ఇంగ్లీషులో రెండింటికీ 'వి' ఒక్కటే. ఇంగ్లీషు మాట్లాడే మనిషి తెలుగు నేర్చుకుంటూ 'మనం' అనాల్సిన చోట 'మేము' అంటే చిన్నగా నవ్వి సరిదిద్దుతాం. మొద్దువాడని ముద్ర వేయం. ఆ పాటి మర్యాద మన పిల్లలకు ఎందుకు దక్కదు?

అయితే 'టెన్స్‌లు రాకపోతే ఏం, అర్థమైతే చాలదా' అని ఊరుకోవచ్చా? ఊరుకోలేం. కారణం మన చేతిలోనే ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇంగ్లీషు ప్రతి తీసి క్రియలు మాత్రం చూడండి. మొదట్లోనే ఈ చట్టం ఎవరి కోసమో చెప్తూ 'హ్యావ్ బీన్ రిసైడింగ్' అంటుంది. తరతరాలుగా అడవిలో ఉంటూ వచ్చారు, ఇంకా ఉన్నారు అని ఆ మూడు మాటలకు అర్థం. పిల్లవాడు నోటుపుస్తకంలో తడబడిన రూపం అదే! 2వ సెక్షన్‌లో ఆదివాసీ అంటే ఎవరో చెప్పేటప్పుడు 'రిసైడ్', 'డిపెండ్' అని మామూలు వర్తమానం వాడింది. అంటే అడవిలో ఉండడం, అడవి మీద ఆధారపడడం ఇప్పటి జీవితమై ఉండాలి. 4వ సెక్షన్‌లో షరతు చెప్పేటప్పుడు 'హ్యాడ్ ఆక్యుపైడ్' అంది. 2005 డిసెంబరు 13కు ముందే ఆ భూమి మన స్వాధీనంలో ఉండి ఉండాలని దాని భావం. లోక్‌సభలో బిల్లు పెట్టిన రోజు అది.

ఒకే చట్టం మన బతుకును మూడు కాలాల్లో చెప్పింది. దరఖాస్తు తెలుగులో రాసుకోవచ్చు. కానీ హైకోర్టులో, సుప్రీంకోర్టులో వాదన ఇంగ్లీషులోనే సాగుతుంది. 'వి హ్యావ్ లివ్డ్ హియర్' అనాల్సిన చోట 'వి లివ్డ్ హియర్' అని రాస్తే, ఒకప్పుడు ఉన్నారు, ఇప్పుడు లేరు అని చదువుకునే వీలుంది. వ్యాకరణం నేర్చుకుంటే పట్టా వస్తుందని మనం చెప్పడం లేదు. పట్టా కోసం గ్రామసభలో నిలబడాలి, సాక్ష్యం చూపాలి, పోరాడాలి. అయితే మన గురించి రాసిన కాగితంలో మనల్ని ఏ కాలంలో పెట్టారో చదివి పట్టుకోగలగాలి.

మనల్ని అలా పెట్టేవాళ్ళు ఉన్నారు. 'ఆదివాసులు ప్రకృతిని పూజించేవారు, వేటాడి జీవించేవారు' అని కొందరు రాస్తారు. పక్క ఊళ్ళో మనం బతికే ఉన్నాం, వాళ్ళ వాక్యంలో మాత్రం గతించాం. ఇంకొందరు 'ఆదివాసులు అమాయకంగా ఉంటారు, కొండల్లో నివసిస్తారు' అని రాస్తారు. అందులో మనకు నిన్నా లేదు, రేపూ లేదు, ఎప్పటికీ ఒకేలా ఉంటామన్నట్టు. ఈ వాక్యాల్లో వ్యాకరణ దోషం వెతికినా దొరకదు. ఎర్ర సిరా వీటి మీద పడదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పంచాయితీలో పెద్దలు మొదట అడిగేది ఒకటే: 'తెలిసి చేశావా, తెలియక చేశావా?' ఆ న్యాయం బడికీ వర్తిస్తుంది. నేర్చుకుంటూ తడబడినవాడిది పొరపాటు. దిద్దాలి, అంతే. కాలాలన్నీ తెలిసి కూడా బతికున్న మనుషుల్ని 'ఉండేవారు' అని రాసినవాడిది తప్పు. పిల్లవాడి తడబాటును నలుగురిలో నవ్వులపాలు చేసిన టీచరుదీ తప్పే.

టీచర్లకు ఒక మాట. పన్నెండు గడుల పట్టిక గోడ మీద ఉండనివ్వండి. దానికి ముందు పిల్లవాణ్ణి అడగండి: 'ఈ పని అయిపోయిందా, ఇంకా సాగుతోందా? నీ భాషలో ఎలా అంటావు?' వాడు జవాబు చెప్పాక ఇంగ్లీషు రూపం ఇవ్వండి.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. ఎర్ర గీతకు తల దించుకోకండి. అది మీ మీద వేసిన జరిమానా కాదు. దిద్దుకుని మళ్ళీ రాయండి. మొదట రాయాల్సిన వాక్యం మీ ఊరి గురించే: మా తాతలు ఇక్కడ ఉన్నారు, మేము ఉంటూ వచ్చాం, ఇప్పుడూ ఉన్నాం, రేపూ ఉంటాం. ఇంగ్లీషులో ఆ నాలుగు క్రియలూ సరిగ్గా పడేదాకా వదలకండి.