జాలరి యహింస

పతంజలి యోగసూత్రములలో అహింసాది యమములను మహావ్రతమని చెప్పు సూత్రమొకటి కలదు. దానికి భాష్యము వ్రాయుచు వ్యాసుడు మొట్టమొదటి యుదాహరణముగ నెవరిని గ్రహించెనో గమనింపదగును. ఋషిని కాదు, గృహస్థును కాదు, చేపలను పట్టువానిని. చేపలను దప్ప మరి దేనిని హింసింపనను జాలరి నియమమును ఆయన అహింసయనియే పేర్కొనెను. అది జాతిచే పరిమితమైన యహింస. పుణ్యతీర్థమున చంపననునది దేశముచే, చతుర్దశినాడు చంపననునది కాలముచే పరిమితములు. ఏ హద్దును లేనిదే మహావ్రతము. హద్దులు గలవానికి భాష్యకారుడు ఆ పేరీయలేదు. కాని వానిని బూటకములనియు ననలేదు.

సూరతు నగరమునకు ఎగువను తపతీనదిపై ఉకాయి యానకట్ట గలదు. 1972లో అది పూర్తికాగా, దాని వెనుక నిలిచిన వల్లభసాగరమున పెక్కు గ్రామములు, గిరిజనుల పొలములు మునిగిపోయినవి. నాగలి పట్టిన కుటుంబములు కొన్ని వల పట్టవలసి వచ్చెను. చలి తగ్గి వసంతము ముదురుకొలది సాగునకు విడిచిన నీటితో జలాశయము కుంచించుకొనును. మిగిలిన నీటియందు చేపలు గుమిగూడి సులభముగ వలకు చిక్కును. అట్లు చిక్కిన బొచ్చెయో శీలావతియో వర్షర్తువున ప్రవాహమున కెదురీది గ్రుడ్లిడవలసిన తల్లియే కావచ్చును.

దిగువనున్న సూరతులో చేపను తాకనివారు వేలకొలది గలరు. రోగపీడితములైన మూగజీవులను పోషించు పాంజరాపోలు అచ్చట చిరకాలముగ నున్నది. అది నిజముగ గొప్ప కార్యమే. అయినను జాలరిని జూచి ముఖము త్రిప్పుకొనువాడు ఒక సంగతి విచారింపవలెను. గ్రామములను ముంచిన యా నీరే నగరమునకు ఉపకరించుచున్నది. సూరతు జరీకి ప్రసిద్ధి. మేలిజరీ యనగా పట్టునూలుపై వెండితీగ చుట్టి బంగారుపూత పూసినది. పట్టునకై కాయలోని పురుగును ఆవిరిలోనో మరుగునీటిలోనో చంపుదురు. జరీయంచు పట్టుపంచె మడిగట్టి పూజకు కూర్చుండువాడు దీనిని తలపడు. (తెలుగుదేశమునను ఈ మఱపు తక్కువ కాదు.) పైగా, చేప తినకుండుట అతనికి పుట్టుకతో వచ్చిన యాచారమైనచో, అదియు జాతిచే పరిమితమైన యహింసయే గదా!

కాలనియమము మాట వేరు. అశోకుడు పట్టాభిషిక్తుడైన 26 సంవత్సరములకు వ్రాయించిన యైదవ స్తంభశాసనము, చతుర్దశీ పూర్ణిమాదులగు కొన్ని తిథులయందు చేపలను చంపరాదు, అమ్మరాదని శాసించెను. అన్నిదినములకు నిషేధింపలేదు, ఆ చక్రవర్తికి గంగాతీరపు జాలరుల ఆకలి తెలియకపోలేదనుట యుక్తము. నేడును మన దేశమున పెక్కు రాష్ట్రముల జలాశయములలో చేపలు గ్రుడ్లిడు వానకాలమున వల వేయరాదను నియమము గలదు. ఉత్తరామెరికాలోని మిన్నెసోటా సరస్సులలో మంచు కరగిన వసంతమున కొన్ని జాతుల చేపలు గ్రుడ్లిడును గనుక వానిని మే నెల వరకు పట్టరాదు. అచ్చట పెక్కుమందికి చేపల వేట వినోదము. నిరీక్షణము వారికి కష్టము కాదు. ఉకాయి తీరమున అది పస్తు.

కావున ఒకే నియమము ఇద్దరు పాటించినను తపస్సు సమానము కాదు. చిన్నచేప చిక్కని పెద్దకన్నుల వల యెన్నుకొను జాలరి, ఆ సాయంకాలము తన బిడ్డల కంచమునుండి కొంత తీసి నీటికి తిరిగి యిచ్చుచున్నాడు. నగరవాసి తన యహింసకై తీసి యిచ్చినదేమి? జీవకారుణ్యమునకు ధనము వెచ్చించువారు, వల ఒడ్డున ఆరుచున్న ఆ రెండు నెలలలో జాలరి యింటికి బియ్యము పంపుటను కూడ ఆ ఖాతాలోనే వ్రాసికొనవచ్చునేమో యోచింతురుగాక.