తుంచిన వాక్యానికి ఎవరు జవాబుదారీ?

1807లో లండన్‌లో ఒక బైబిల్ అచ్చయింది. వెస్టిండీస్ దీవుల్లో బ్రిటిష్ వారి కింద మగ్గుతున్న నల్లజాతి బానిసల కోసం ఏర్చిన భాగాలని దాని పేరులోనే రాసుకున్నారు. ప్రొటెస్టెంట్ బైబిల్లో 1,189 అధ్యాయాలుంటే ఇందులో ఉన్నవి 232. నిర్గమకాండములోని పది ఆజ్ఞలు ఉన్నాయి; ఆ ఆజ్ఞలు అందుకున్న జనం ఫరో చెర నుంచి ఎలా బయటపడ్డారో ఆ కథ లేదు. దాసులు యజమానులకు లోబడాలన్న ఎఫెసీ పత్రిక మాటలు ఉన్నాయి. క్రీస్తునందు దాసుడని, స్వతంత్రుడని తేడా లేదని చెప్పే గలతీ పత్రిక వాక్యం మాత్రం మాయమైంది.

అందులో కల్పించిన బోధ ఒక్కటీ లేదు. ఉన్నదంతా బైబిలే. అయినా బైబిల్ చెప్పదలచింది అది కాదు.

అలాగని ఏరుకోవడమే తప్పంటే భక్తి అనేదే మిగలదు. లక్ష శ్లోకాల భారతాన్ని రోజూ పారాయణ చేసేదెవరు? భీష్మపర్వం నుంచి గీత, ఆనుశాసనిక పర్వం నుంచి విష్ణు సహస్రనామం, పోతన భాగవతం అష్టమ స్కంధం నుంచి గజేంద్ర మోక్షం చిన్న చిన్న పుస్తకాలై తెలుగువారి పూజగదుల్లోకి వచ్చాయి. మూలాన్ని ఎన్నడూ తెరవని ఇళ్లలో కూడా ఆ భాగాలు కష్టకాలంలో తోడు నిలిచాయి. మనిషి ఆయుష్షు కొంచెం, గ్రంథం కొండంత. ఏరుకోక తప్పదు. తేల్చుకోవలసింది ఎలా ఏరుకోవాలన్నదే.

అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ 1820 నాటికి ఈ పనిని తనదైన పద్ధతిలో ముగించాడు. గ్రీకు, లాటిన్, ఫ్రెంచ్, ఇంగ్లీషు కొత్త నిబంధనల నుంచి తనకు నచ్చిన వాక్యాలను కత్తితో కోసి, నాలుగు వరుసల్లో అతికించాడు. ఏసు నీతిబోధలు ఉంచి, అద్భుతాలు, పునరుత్థానం వదిలేశాడు. సమాధికి రాయి దొర్లించడంతో ఆయన పుస్తకం ముగుస్తుంది. దాన్ని ఆయన బైబిల్ అనలేదు, ఎవరి చేతిలోనూ పెట్టి నమ్మమనలేదు. అది సొంత చదువు కోసం చేసుకున్న సంకలనం. ఆ స్వేచ్ఛ ప్రతి పాఠకుడికీ ఉంది. అయితే పొరుగువాణ్ణి ప్రేమించమన్న బోధను పదిలంగా అతికించుకున్న ఆ మనిషి జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. ఎంత నిజాయితీగా ఏరుకున్నా, ఏరుకున్న మాట తనను నిలదీసే చోటు ఉంచుకోకపోతే లాభమేమిటి?

మన గోడల మీదా ఇలాంటి తునకలున్నాయి. కర్మ మీదే నీకు అధికారం, ఫలం మీద కాదని చెప్పే గీతా వాక్యం క్యాలెండర్లలో, ఆఫీసుల్లో కనిపిస్తుంది. అది 2వ అధ్యాయం 47వ శ్లోకంలో సగమే. పని మానేయడం మీద మక్కువ పెంచుకోవద్దని అదే శ్లోకం చివర హెచ్చరిక ఉంది. గెలుపు ఓటములను సమంగా చూడమని ఆ వెంటనే 48వ శ్లోకం చెబుతుంది. ఆ మాట విన్నవాడు విల్లు కింద పడేసి రథంలో కూలబడ్డ యోధుడు. జీతం పెంచమని అడిగిన కూలీకి యజమాని ఆ సగం వాక్యాన్ని అప్పజెబితే, మాట గీతదే కానీ బోధ గీతది కాదు. అక్కడ 1807 నాటి కత్తెరే మళ్లీ ఆడింది.

ఈ ప్రమాదాన్ని మన శాస్త్రకారులు ఎప్పుడో పసిగట్టారు. ఒక ప్రకరణం తాత్పర్యం తేల్చడానికి ఆరు గుర్తులు చూడమన్నారు: మొదలు, ముగింపు ఒకటిగా కలుస్తున్నాయా అన్నది ఉపక్రమోపసంహారం; పదేపదే దేన్ని చెబుతోందన్నది అభ్యాసం; కొత్తగా చెప్పినది అపూర్వత; దానివల్ల ఒనగూడేది ఫలం; పొగడ్త, తెగడ్త అర్థవాదం; యుక్తి ఉపపత్తి. ఒక్క వాక్యాన్ని పట్టుకుని తీర్పు చెప్పడానికి ఇందులో వీల్లేదు.

మాండలే జైల్లో గీతారహస్యం రాసిన తిలక్ ఈ కొలతనే చేతపట్టాడు. గీత మొదట్లో అర్జునుడు యుద్ధం చేయనన్నాడు; చివర్లో నువ్వు చెప్పినట్టే చేస్తానన్నాడు. కనుక గీత సారం సన్యాసం కాదు, కర్మయోగమని 1915లో వెలువడిన ఆ గ్రంథంలో వాదించాడు. గాంధీ పట్టుకున్నది వేరే చోటు. 2వ అధ్యాయం చివర స్థితప్రజ్ఞుణ్ణి వర్ణించే 19 శ్లోకాలను ఆశ్రమ ప్రార్థనలో చేర్చి, కురుక్షేత్రం మనిషి గుండెలోనే ఉందన్నాడు.

ఇద్దరూ ఏరుకున్నవారే, కానీ మిగతా గ్రంథాన్ని దాచలేదు. తిలక్ గీత మొత్తానికీ వ్యాఖ్య రాశాడు. గాంధీ 18 అధ్యాయాలనూ గుజరాతీలోకి తెచ్చి 1930లో అనాసక్తియోగం పేరుతో ప్రచురించాడు. మరి యుద్ధం చేయమన్న కృష్ణుడి మాట సంగతేమిటని ఏ పాఠకుడైనా అడగవచ్చు. ఆ ప్రశ్నను గాంధీ తప్పించుకోలేదు. గీత అక్షరార్థం ప్రకారం ఫలత్యాగానికీ యుద్ధానికీ పొత్తు కుదరవచ్చని ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. 40 ఏళ్లు ఆ బోధను బతుకులో ఆచరించడానికి పాటుపడ్డాక, అహింస లేకుండా ఫలత్యాగం పూర్తికాదని తనకు తోచిందని అక్కడే రాశాడు.