ఏకాంతము – లోకవాసము

కొండకు వచ్చి స్వామిని సేవించి తిరిగిపోవు యాత్రికులలో పెక్కుమంది దిగుదారిలో ఒక మాట అనుకొనుచుందురు. ‘ఇచ్చట నున్న శాంతి ఇంట నుండదు గదా! ఇచ్చటనే యుండిపోయిన నెంత బాగుండును!’ ఈ కోరికలో కపటము లేదు. కాని యిందు ఒక ప్రశ్న దాగియున్నది. ఆ శాంతి స్థలమునం దున్నదా, మనస్సునం దున్నదా? స్థలమునందే యున్నచో ఇల్లు చేరుట పతనమే యగును. మనస్సునందే యున్నచో గడప దాటి లోని కడుగిడినంతనే అది యేల జారిపోవును?

మూడు వందల యేండ్లకు పూర్వము ఒక పాశ్చాత్య నావికుని జీవితమున ఈ ప్రశ్నయే రూపు గట్టినట్లు కనబడును. అతని పేరు అలెగ్జాండర్ సెల్కర్క్. స్కాట్లండు దేశమున లార్గో అను సముద్రతీర గ్రామమున 1676లో జన్మించెను. తండ్రి చెప్పులు కుట్టి జీవించువాడు. కుమారుడు మిక్కిలి కోపిష్ఠి. ఇంట అన్నదమ్ములతో కలహించి, గ్రామ మతసభ యెదుట నిలువవలసి వచ్చినవాడు. పిమ్మట ఓడలలో చేరి దక్షిణ సముద్రమునకు పోయెను. 1704లో, ఓడ శిథిలమైనదనియు, అందు ప్రయాణము ప్రాణాపాయమనియు నాయకునితో వాదించి, ‘నన్నిచ్చటనే దింపుము’ అని పట్టుబట్టెను. చిలీ దేశపు తీరమునకు సుమారు 670 కిలోమీటర్ల దూరముననున్న ఒక నిర్జన ద్వీపమున నాయకుడతనిని దింపివేసెను. అప్పుడు గాని తాను కోరిన దేమో అతనికి తెలియలేదు. తిరిగి యెక్కించుకొమ్మని వేడినను నాయకుడు వినలేదు. అతనిని ద్వీపమునకు చేర్చినది వైరాగ్యము కాదు, కలహము.

అతని యొద్ద పడక, తుపాకి, కొంత మందుగుండు, గొడ్డలి, కత్తి, వంటపాత్ర, తన మతగ్రంథము మున్నగునవి యుండెను. మొదటి యెనిమిది మాసములు అతడు దుఃఖముతో కుమిలెను. ఆకలి మిక్కుటమైనప్పుడే తినుట, కన్నులు మూతపడినప్పుడే పండుకొనుట, తక్కిన వేళ సముద్రము వైపు చూచుట అతని దినచర్య. క్రమముగా మనస్సు కుదుటబడెను. రెండు కుటీరములు కట్టుకొనెను. ఒకటి వంటకు, రెండవది నిద్రకును ప్రార్థనకును. మందుగుండు తీరిపోగా పరుగెత్తి మేకలను పట్టనేర్చెను. రాత్రులందు ఎలుకలు కాళ్లు కొరుకగా పిల్లులను మచ్చిక చేసికొనెను. బట్టలు చినిగిపోగా మేకతోళ్లు కుట్టి తొడిగెను. ప్రార్థనయు, స్తోత్రగానమును నిత్యకృత్యములయ్యెను. అంతకు ముందెన్నడును లేని దైవభక్తి తనకు ఆ యేకాంతముననే కలిగెనని అతడే తరువాత చెప్పియున్నాడు.

నాలుగేండ్ల నాలుగు మాసములు గడచెను. 1709 ఫిబ్రవరిలో వుడ్స్ రోజర్స్ అను నాయకుని ఓడలు రెండు ఆ తీరమునకు వచ్చెను. సెల్కర్క్ ఆనందముతో గంతులు వేసెనని యెవరైన తలంతురు. కాని 1713లో అతని వృత్తాంతమును ప్రకటించిన రిచర్డ్ స్టీల్ అను ఆంగ్ల రచయిత వేరొక విధముగా వ్రాసెను. తాను ఓడ యెక్కిపోవుటను గూర్చి అతడు ఉదాసీనుడై యుండెను. వచ్చినవారికి సాయపడు నవకాశము లభించినదని మాత్రము సంతోషించెను. ఓడలలో పెక్కుమంది రోగపీడితులు. అతడు దినమునకు రెండు మూడు మేకలను పట్టి తెచ్చి, ఆకుకూరలతో కలిపి రసము కాచి వారిని బ్రతికించెను. మాటలాడుట మరచిన నాలుకతో సగము సగము పలుకుచునే ఆ సేవ చేసెను.

1711లో ఇంగ్లండు చేరునప్పటికి అతనికి ఎనిమిది వందల పౌనుల ధనము లభించెను. అయినను, చిల్లిగవ్వ లేని ఆ దినముల సుఖము ఇక తనకు రాదని అతడు స్టీలుతో వాపోయెను. తొలుత చూచినప్పుడు అతని ముఖమున గాంభీర్యముతో కూడిన ప్రసన్నత యుండెననియు, కొన్ని మాసముల పిమ్మట వీథిలో ఎదురుపడగా తాను గుర్తింపలేకపోతిననియు స్టీలు వ్రాసెను. నగరవాసము ఆ ముఖమును మార్చివేసినది. 1713లోనే బ్రిస్టల్ నగరమున ఒక ఓడపనివానిని కొట్టెనని అతనిపై అభియోగము వచ్చెను. స్వగ్రామము చేరి, తండ్రి యింటి వెనుక గుహ వంటి చోటు కల్పించుకొని యొంటరిగా కూర్చుండెడివాడని చెప్పుదురు. మరల సముద్రమునే యాశ్రయించి, 1721లో ఆఫ్రికా పశ్చిమ తీరమున ఓడపైననే మరణించెను.

ద్వీపమున ఇంటిని గూర్చి విలపించినవాడు ఇంట ద్వీపమును గూర్చి విలపించెను. దీనికి కారణమేమి?

ద్వీపమున అతనికి కలిగిన శాంతి అసత్యమనరాదు. ఏకాంతము యొక్క గుణమును మన శాస్త్రములును అంగీకరించినవి. భాగవతమున అవధూత తన గురువులలో ఒక కన్యను పేర్కొనెను. అతిథులు వినకుండ వడ్లు దంచవలసి వచ్చి, చప్పుడు చేయు గాజులను ఆమె ఒక్కొక్కటిగా తీసి, చేతికి ఒక్కటి మిగిల్చెను, శబ్దము నిలిచెను. పలువురున్న చోట కలహము, ఇరువురున్న చోట సంభాషణము, ఒక్కడున్నచో ప్రశాంతి. ఏకాంతవాసము జ్ఞానసాధనములలో నొకటియని గీత యందును చెప్పబడినది.

కాని గాజుల శబ్దము నిలుచుట వేరు, కోపము నశించుట వేరు. ద్వీపమున సెల్కర్కుతో వాదించువాడు లేడు, అవమానించువాడు లేడు. మేకలు ఎదురు పలుకవు, పిల్లులు తప్పెన్నవు. నిప్పు ఆరలేదు, నివురు గప్పియున్నది. జనసమూహపు గాలి సోకినంతనే మరల రాజుకొన్నది. అడవి చేరినంత మాత్రమున మనస్సు మారదనుటకు భరతుని చరిత్రమే సాక్షి. రాజ్యమును, భార్యాపుత్రులను విడిచి గండకీ తీరమున తపస్సు చేసిన ఆ మహాత్ముని ఒక లేడిపిల్ల బంధించినది. విడిచిన రాజ్యము కంటె దొరికిన లేడిపిల్ల బలవత్తరమయ్యెను.

అట్లయిన ఏకాంతము నిష్ఫలమా? కాదు. సెల్కర్కు జీవితమున రెండు కాలములనే లోకము చూచుచున్నది: ద్వీపమున నున్న కాలము, ఇంట నున్న కాలము. ఈ రెంటికి నడుమ కొన్ని దినములు కలవు. అవి రోగులకు అతడు రసము కాచి పోసిన దినములు. అప్పుడు అతడు ఒంటరి కాడు, ఏకాంతమును విడువనూ లేదు. తనకేమి కావలెనను చింత లేక, ఎదుటివాని యాకలిని మాత్రమే చూచెను. నాలుగేండ్ల సాధన ఫలించినది ఆ దినములలోనే. తరువాత ఆ ఫలమును అతడు కాపాడుకొనలేకపోయెను. పోగొట్టుకొన్నది ద్వీపమనియే తలంచెను గాని, ఆ సేవాభావమని గుర్తింపలేదు.

ప్రహ్లాదుడు నృసింహస్వామి యెదుట పలికిన మాట యిచ్చట స్మరింపదగినది. మునులు తమ ముక్తి కొరకు అడవులలో మౌనముగా చరింతురనియు, దీనులైన యీ జనులను విడిచి తానొక్కడే ముక్తుడగుట కిష్టపడననియు ఆ బాలభక్తుడు విన్నవించెను. ఏకాంతమును ఆతడు నిందింపలేదు. అందు స్వార్థము చొరబడుటను నిరాకరించెను. ఏకాంతమనగా ఒకే గమ్యము గలది యనియు అర్థము కలదు. భారతమందలి నారాయణీయమున నారాయణునే గమ్యముగా గలవారిని ఏకాంతులనిరి. వారికి అడవి అవసరము కాదు, ఇల్లు అడ్డము కాదు.

యాత్రికుడు ఇల్లు చేరిన నాడే పాలవాడు బాకీ అడుగును, పిల్లవానికి జ్వరము వచ్చును, తోడికోడండ్రు మాట పట్టింపునకు వత్తురు. కొండపై దొరికిన శాంతికి అదియే పరీక్ష. ఆ పరీక్షలో ఓడిననాడు కొండను తలంచి నిట్టూర్చుట కంటె, ఎదుట నున్నవారిలో ఎవరికి ఏమి కావలెనో చూచుట మేలు. రాత్రి ఏకాంతసేవ జరిగిన పిదప ఆలయపు తలుపులు మూయుదురు. అవి మూసియే యుండవు. వేకువనే సుప్రభాతమునకు తెరచుకొనును. స్వామి మరల అందరివాడగును.