ప్రజాతీర్పు ఎవరి సొత్తు?

నిర్మల్ దగ్గర ఒక పల్లెలో నాకు తెలిసిన అన్నదమ్ములిద్దరున్నారు. ఒకే గెట్టుకు అటూ ఇటూ వారి పొలాలు. ఇద్దరికీ ఒకే బావి నీళ్ళు. 2008 మే నెలలో ఆదిలాబాద్ లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక వచ్చినప్పుడు తమ్ముడు తెలంగాణ రాష్ట్ర సమితికి ఓటు వేశాడు. అన్న కాంగ్రెస్‌కు వేశాడు. అప్పుడు ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఆరేళ్ళ తర్వాత, 2014 జూన్ 2న కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజున ఊరంతా జెండా గద్దె దగ్గర చేరింది. అన్న కూడా ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. తమ్ముడు నలుగురిలో, "అన్నా, నువ్వు వద్దన్నోనివి గదా, గీ పండుగ నీకెందుకు?" అన్నాడు. అన్న మారుమాట లేకుండా ఇంటిదారి పట్టాడు. ఆ తర్వాత చాలాకాలం వారిద్దరి మధ్య మాటలు లేవు.

"నేను తెలంగాణ వద్దన్ననని ఎవడు జెప్పిండు? మన దిక్కు మనిషని ఓటేసిన. వద్దని ఏడన్న రాసిచ్చిన్నా?" అని ఆ పెద్దాయన తర్వాత నాతో అన్నాడు.

ఆయన అడిగింది చిన్న ప్రశ్న కాదు. ప్రజల తీర్పును గౌరవించాలని అందరమూ అంటాం. అయితే ఆ తీర్పు దేని మీద ఇచ్చినది? ఎవరికి ఇచ్చినది? దాన్ని గౌరవించడమంటే గెలిచినవాడు ఏం చేయాలి, ఓడినవాడు ఏం చేయాలి? ఈ ప్రశ్నలను మన ఉత్తర తెలంగాణ జిల్లాలు ఎదుర్కొన్నన్ని సార్లు బహుశా మరెక్కడి ప్రజలూ ఎదుర్కొని ఉండరు.

2006 సంగతి గుర్తు చేసుకుందాం. కేంద్ర మంత్రి పదవి వదులుకుని వచ్చిన కె. చంద్రశేఖరరావును, రాజీనామా చేసి మళ్ళీ గెలిచి చూపమని అప్పటి రాష్ట్ర మంత్రి ఎం. సత్యనారాయణరావు సవాలు చేశారు. ఆయన ఆ సవాలును స్వీకరించి కరీంనగర్ లోక్‌సభ స్థానానికి రాజీనామా చేశారు. ఆ డిసెంబరులో జరిగిన ఉప ఎన్నికను అందరూ "రెఫరెండం" అన్నారు. గోడల మీదా, టీకొట్ల దగ్గరా అదే మాట. చంద్రశేఖరరావు రెండు లక్షలకు పైగా ఓట్ల ఆధిక్యతతో గెలిచారు. ప్రజలు తీర్పు చెప్పేశారు, ఇక రాష్ట్రం ఇవ్వడమే తరువాయి అన్నారు ఉద్యమకారులు. ఒక్క నియోజకవర్గం ఓటు రాష్ట్రమంతటికీ తీర్పు ఎలా అవుతుందన్నారు ఎదుటివారు.

రెండేళ్ళు తిరగలేదు. 2008లో ఆ పార్టీ ప్రతినిధులు మూకుమ్మడిగా రాజీనామాలు చేసి మళ్ళీ ప్రజల ముందుకు వచ్చారు. 16 అసెంబ్లీ స్థానాల్లో 7, నాలుగు లోక్‌సభ స్థానాల్లో 2 మాత్రమే దక్కాయి. కరీంనగర్‌లో ఆధిక్యత సుమారు 15 వేలకు పడిపోయింది. ఆదిలాబాద్‌లో కాంగ్రెస్ అభ్యర్థి ఎ. ఇంద్రకరణ్ రెడ్డి గెలిచారు. ఇప్పుడు మాటలు తారుమారయ్యాయి. ఒక్క నియోజకవర్గం తీర్పు చెల్లదన్నవారు, ఇదిగో ప్రజలే తెలంగాణను తిరస్కరించారన్నారు. ప్రజల మాటే వేదమన్నవారు, డబ్బూ మద్యమూ గెలిచాయన్నారు.

మళ్ళీ 2010 జులైలో 12 అసెంబ్లీ స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయి. వాటిలో 8 కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలవే. రాజీనామా చేసిన పన్నెండుమందీ, అంటే 11 మంది తెరాసవారూ ఒక భాజపా సభ్యుడూ, తిరిగి గెలిచారు. నాలుగేళ్ళలో మూడు తీర్పులు. ఈ మూడింటిలో దేన్ని గౌరవించాలి?

ఇక్కడ మన పల్లె పంచాయతీ పద్ధతి కొంత వెలుగు చూపుతుంది. గెట్టు తగాదా పెద్దమనుషుల ముందుకు వస్తే, వారు మొదట అడిగేది ఎవరిది తప్పని కాదు. "మేం చెప్పినదానికి కట్టుబడి ఉంటరా?" అని అడుగుతారు. ఇరుపక్షాల చేతా కొంత సొమ్ము ముందుగానే పెట్టిస్తారు. తీర్పు ఏమిటో తెలియకముందే ఇచ్చే మాట అది. తీర్పు వచ్చాక "నాకు నచ్చితేనే ఒప్పుకుంటా" అనేవాడు అసలు పంచాయతీకి రాలేదన్నమాటే. అయితే ఇందులో రెండో సంగతి కూడా ఉంది. పెద్దమనుషులు గెట్టు గురించి అడిగితే గెట్టు గురించే తీర్పు చెబుతారు. గెట్టు గెలిచినవాడు, ఆ తీర్పును చూపించి ఎదుటివాడి ఎద్దులను తోలుకుపోతే ఊరు ఊరుకోదు.

మన ఉప ఎన్నికలలో ఈ రెండు నియమాలూ తప్పాయి. ఫలితానికి కట్టుబడతామన్న మాట ముందుగా ఎవరూ ఇవ్వలేదు. గెలిచాక మాత్రం, అడగని ప్రశ్నలకు కూడా జవాబు దొరికిందన్నారు. మన రాజ్యాంగంలో రాష్ట్రాల ఏర్పాటుకు ప్రజాభిప్రాయ సేకరణ అనే పద్ధతి లేదు. 3వ అధికరణం కింద ఆ అధికారం పార్లమెంటుది. అందువల్ల రెఫరెండం పేరుతో జరిగినవన్నీ నిజానికి మనిషిని ఎన్నుకునే ఎన్నికలే. బ్యాలెట్ మీద "రాష్ట్రం కావాలా, వద్దా" అని రాసి లేదు. ఇంద్రవెల్లి వైపు గోండు గూడెంలో ఓటరు మనసులో పోడుభూమి పట్టా ఉండవచ్చు. గోదావరిఖని కార్మికుడి మనసులో గని ఉద్యోగం ఉండవచ్చు. నిర్మల్ పెద్దాయన మనసులో "మన దిక్కు మనిషి" ఉన్నాడు. ఇన్ని జవాబులను ఒకే డబ్బాలో వేసి, ఒకే ప్రశ్నకు వచ్చిన జవాబని చెప్పడం సత్యం కాదు. 2009లో కరీంనగర్ నుంచి కాంగ్రెస్ పక్షాన గెలిచిన పొన్నం ప్రభాకర్ తర్వాత పార్లమెంటులో ప్రత్యేక రాష్ట్రం కోసమే నిలబడ్డారు. ఆయనకు పడిన ఓట్లను తెలంగాణ వ్యతిరేక ఓట్లని ఎవరనగలరు?

అసలు దోషం ఇంకా వెనుక ఉంది. అడగవలసిన కాలంలో ప్రజలను సూటిగా అడగలేదు. 1955లో ఫజల్ అలీ కమిషన్ హైదరాబాదును ప్రత్యేక రాష్ట్రంగా ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తర్వాత, అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతులమంది కోరుకుంటే ఆంధ్రతో కలపవచ్చంది. ఆ ఎన్నికల దాకా ఎవరూ ఆగలేదు. 1956 ఫిబ్రవరిలో నాయకులు పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. నవంబరు 1న రాష్ట్రం ఏర్పడింది. పేరుకు పెద్దమనుషుల ఒప్పందమే గాని, మన పల్లె పెద్దమనుషులు చేసినట్టు ఇరుపక్షాల జనాన్ని పిలిచి అడిగినది కాదు.

1969లో విద్యార్థుల రక్తం చిందింది. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజా సమితి ఈ ప్రాంతంలోని 14 స్థానాలలో 10 గెలిచింది. ప్రజలు ఇంతకన్నా స్పష్టంగా ఎలా చెప్పగలరు? కానీ ఆ సెప్టెంబరులో మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలోని సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ముఖ్యమంత్రి మారారు. మన మంథని ప్రతినిధి పి.వి. నరసింహారావు ఆ పదవిలోకి వచ్చారు. రాష్ట్రం మాత్రం రాలేదు. ఆ ఎన్నికలో కరీంనగర్ నుంచి ప్రజా సమితి పక్షాన గెలిచినవారు ఎం. సత్యనారాయణరావే. 35 ఏళ్ళ తర్వాత అదే కరీంనగర్‌లో గెలిచి చూపమని సవాలు విసిరినవారూ ఆయనే. ఒక మనిషిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. నాయకుల దారులు మారుతుంటాయి. ప్రజలు ఇచ్చిన మాటను నాయకుడు తన జేబులో వేసుకుని పోగలిగితే, అది ఎంత పెద్ద మెజారిటీ అయినా ఏం లాభమని మాత్రమే నా ప్రశ్న.

మన దేశంలోనే దీనికి మరో దారి చూపిన చోటు ఒకటుంది. గోవాను మహారాష్ట్రలో కలపాలా, కేంద్రపాలిత ప్రాంతంగా ఉంచాలా అన్న వివాదం కుటుంబాలను, మతాలను, భాషలను చీల్చింది. విలీనం కోరిన ముఖ్యమంత్రి దయానంద్ బందోద్కర్, ఓటింగు నిష్పాక్షికంగా జరగడం కోసం పదవి వదులుకున్నారు. పార్లమెంటు ఇందుకోసమే చేసిన చట్టం ప్రకారం 1967 జనవరి 16న ప్రజలను సూటిగా ఒకే ప్రశ్న అడిగారు. విలీనం వద్దన్నవారు 34,021 ఓట్ల ఆధిక్యతతో గెలిచారు. తర్వాత జరిగిన విషయం మరింత గమనించదగ్గది. కొద్ది వారాలకే వచ్చిన ఎన్నికలలో అదే ప్రజలు అదే బందోద్కర్‌ను మళ్ళీ గెలిపించారు. ప్రశ్నకు ఒక జవాబు, మనిషికి మరొక జవాబు. రెండింటినీ కలగలపలేదు. ఆయన ఓడిన ప్రశ్నను పక్కనపెట్టి గోవాను పాలించారు.

గోవా మరో చిక్కును కూడా పరిష్కరించింది. ఎవరిని అడగాలి? అక్కడ గోవా ప్రజలను అడిగారు గాని మహారాష్ట్రను కాదు. మన విషయంలో 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఆ సభలోని 294 స్థానాలలో తెలంగాణవి 119. ఇంటి పెద్దలు ఎక్కువమంది వద్దంటున్నారు కాబట్టి వేరుపడొద్దని ఒకరన్నారు. వేరుపడాలనుకునేవాడి మాట కదా వినవలసింది అని మరొకరన్నారు. బ్రిటన్ కూడా ఇదే చిక్కులో పడింది. 2016 జూన్ 23న 51.9 శాతం మంది ఐరోపా సమాఖ్యను వీడాలన్నారు. కానీ స్కాట్లండ్‌లో 62 శాతం ఉండాలన్నారు. ప్రశ్న అడిగిన ప్రధాని రాజీనామా చేసి వెళ్ళిపోయారు. ఫలితం అమలు కావడానికి 2020 జనవరి 31 దాకా పట్టింది. ఏ గీత లోపల లెక్కపెడితే ఎవరు ఎక్కువమంది అన్నది అంకెలు తేల్చవు. ఆ గీతను ముందుగా, న్యాయంగా గీయాలి. అది నాయకుల బాధ్యత. ఆ బాధ్యతను జనం మీదకు నెట్టి చేతులు కడుక్కున్న పిలాతు మన పాఠకులకు కొత్తవాడు కాదు.

అయితే ప్రజాతీర్పును గౌరవించడమంటే ఏమిటి? నాకు తోచినంతవరకు ఇందులో ముగ్గురికి బాధ్యత ఉంది.

ఓడినవాడు ఫలితాన్ని ఒప్పుకోవాలి. జనానికి తెలివి లేదు, అమ్ముడుపోయారు అనకూడదు. తన అభిప్రాయాన్ని మార్చుకోనవసరం లేదు. మళ్ళీ చెప్పి ఒప్పించే హక్కు అతనికి ఎప్పుడూ ఉంటుంది.

గెలిచినవాడు ఓడినవాడికి చోటివ్వాలి. విభజన చట్టం 8వ సెక్షన్, ఉమ్మడి రాజధాని ప్రాంతంలో నివసించే అందరి ప్రాణాలకు, ఆస్తులకు రక్షణ చూసే ప్రత్యేక బాధ్యతను గవర్నరుకు అప్పగించింది. అది చట్టం ఇవ్వగలిగిన భరోసా. ఇరుగుపొరుగు ఇచ్చే భరోసాను ఏ చట్టమూ రాయలేదు.

ఇక నాయకుడు. ఆయన తీర్పుకు ధర్మకర్తే గాని యజమాని కాదు. రాష్ట్రం కోసం వేసిన ఓటు ఒక మనిషికో, ఒక కుటుంబానికో, ఒక పార్టీకో శాశ్వతంగా రాసిచ్చిన దస్తావేజు కాదు. 2014లో 119కి 63 స్థానాలిచ్చి, 2018లో 88 ఇచ్చిన ప్రజలే 2023లో అదే పార్టీకి 39 ఇచ్చారు. దానివల్ల వారు తెలంగాణను కాదన్నట్టా? కానే కాదు. తీర్పు తమ సొత్తని గుర్తు చేశారంతే.

నాయకుల సంగతి మరొకటి చెప్పి ముగిస్తాను. 2008లో తెరాస మీద గెలిచిన ఇంద్రకరణ్ రెడ్డి, 2014లో నిర్మల్ నుంచి బహుజన సమాజ్ పార్టీ పక్షాన గెలిచి తెరాసలో చేరారు. ఆ ప్రభుత్వంలోనే మంత్రి అయ్యారు. రాజకీయంలో అది వింత కాదు. పైన నాయకులు కలిసిపోయారు. కింద ఆయనకు ఓటు వేసిన అన్నా, వేయని తమ్ముడూ మాత్రం ఒకే గెట్టుకు అటూ ఇటూ నిలబడి ముఖాలు తిప్పుకున్నారు.

2023 డిసెంబరులో ఫలితాలు వచ్చిననాడు తమ్ముడి పార్టీ ఓడింది. ఊళ్ళో కుర్రాళ్ళు అతని ఇంటి ముందు టపాకాయలు కాల్చి ఎగతాళి చేశారు. పొద్దుగూకే వేళకు అన్న వచ్చి తమ్ముడి అరుగు మీద కూర్చున్నాడు. గెలుపు మాట ఎత్తలేదు, ఓటమి మాటా ఎత్తలేదు. లోపలికి చూసి, "చాయ్ పెట్టుమను" అన్నాడు.

ప్రియ పాఠకులారా, రేపు మరో ఎన్నిక వస్తుంది. మరో ప్రశ్న అడుగుతారు. ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు. ఆ సాయంత్రం మనం ఎవరి అరుగు మీద కూర్చుంటామో ఇప్పుడే ఆలోచించుకుందాం.