యముని వాకిట మూడు రాత్రులు

కఠోపనిషత్తునందలి నచికేతుడు యమసదనమున కేగినప్పుడు యముడు ఇంట లేడు. బాలుడు మూడు రాత్రులు నిరాహారుడై అచ్చటనే ఉండెను. యముడు తిరిగి వచ్చిన పిమ్మట వెలువడిన ఆత్మవిద్యను లోకము కొనియాడుచున్నది. ఆ మూడు రాత్రులను తలచువారు మాత్రము అరుదు. మృత్యుదేవత ఎప్పుడు వచ్చునో, వచ్చి ఏమనునో తెలియదు. అయినను ఆ వాకిట నిలిచియుండుట నచికేతుని మొదటి సాధనము. ఉపదేశము దాని తరువాతనే లభించినది.

ఈ కాలమున ఆ వాకిలి అనేక గృహములలో కలదు. కాన్సరు సోకినవాడు శస్త్రచికిత్స చేయించుకొనును. కీమోథెరపీని, రేడియేషనును సహించును. ఇక గండము గడచినదని ఇల్లంతయు ఊపిరి పీల్చుకొనుచున్న తరుణమున స్కాను తీయుదురు. ఊపిరితిత్తులలోనో, కాలేయములోనో, ఎముకలోనో ఒక చిన్న మచ్చ కనబడును. “ఇది వ్యాధి వ్యాపించుటయో, మరియొకటియో ఇప్పుడే చెప్పజాలము, మూడు మాసముల తరువాత మరల చూతము” అని వైద్యుడు పలుకును. ఆ మూడు మాసములు రోగికిని ఇంటివారికిని యముని వాకిట గడపు రాత్రులే.

వైద్యుడు ఏదియో దాచుచున్నాడని అట్టి సమయమున అనుమానము కలుగుట సహజము. కాని స్కాను యొక్క స్వభావమే అట్టిది. అది వ్యాధిని దాని పేరుతో చూపదు. నీడను, వెలుగును చూపును. పెట్ స్కానులో చక్కెరను పోలిన పదార్థమునకు స్వల్పమైన రేడియోధార్మికతను చేర్చి రక్తములోని కెక్కింతురు. దానిని అధికముగా గ్రహించు చోటులు ప్రకాశించును. కాన్సరు కణములలో పెక్కు అట్లు గ్రహించును. మానుచున్న గాయమును, సూక్ష్మజీవులు సోకిన భాగమును, రేడియేషను వలన వాచిన కండరమును గూడ అట్లే ప్రకాశింపవచ్చును. ఎన్నడో వచ్చి మానిన క్షయ ఊపిరితిత్తులలో విడిచిన మచ్చయు కొన్ని వేళల గడ్డవలె కానవచ్చును. అవసరమైనచో వైద్యులు ముక్కను తీసి పరీక్షింతురు. మచ్చ మిక్కిలి చిన్నదైనచో అదియు సాధ్యము కాకపోవచ్చును. అప్పుడు కాలమే పరీక్షకుడగును. పెరుగునది ఏదో, పెరుగనిది ఏదో కాలమే చూపును. కావున “తెలియదు” అను వైద్యుని మాట చాల వేళల కపటము కాదు; సత్యము.

మనస్సు మాత్రము ఆ సత్యమును సహింపలేదు. భయము “అంతయు ముగిసినది” అని తీర్పు చెప్పును. ఆశ “అది ఏమియు కాదు” అని మరియొక తీర్పు చెప్పును. రెండును చూడనిదానిని చూచినట్లు పలుకుచున్నవి. అర్ధరాత్రి మేల్కొన్నవాని చెవిలో భయము జ్ఞానమువలె గంభీరముగా మాటలాడును. కాని పగలు వైద్యునకు తెలియనిది రాత్రి భయమునకు తెలియుట కల్ల. తెలిసినంతనే తెలిసినదనుట సత్యవ్రతము. ఆ వ్రతమును ఇతరులతో మాటలాడునప్పుడే కాక, తనతో తాను మాటలాడుకొనునప్పుడును పాటింపవలెను. “మచ్చ కలదు. అది ఏదో తెలియదు. ఫలానా దినమున మరల పరీక్ష కలదు.” ఇంతవరకే సత్యము. దీనిని దాటినదంతయు మనఃకల్పితము.

గీతాచార్యుడు నాల్గవ అధ్యాయమున సంశయమును నిందించెను గదా, ఈ రోగి మనస్సులోని సందిగ్ధత దోషము కాదా యని కొందరు కలతపడుదురు. ఆ సంశయము వేరు, ఇది వేరు. ధర్మమునందును ఆత్మయందును విశ్వాసము లేకుండుట సంశయము. శరీరమునకు రేపు ఏమగునో తెలియకుండుట దేహధారి కెల్లరకును ఉన్న స్థితియే. రోగికి అది స్పష్టముగా కనబడినది, అంతమాత్రమే.

మరియొక కలత ఇంతకంటె క్రూరమైనది. వ్యాధి మరల కనబడినచో “నా భక్తి చాలలేదు, నా ప్రార్థన లోపభూయిష్టము” అని రోగి తన్ను తాను దండించుకొనును. అట్టివాడు తిరువణ్ణామలైని తలచుకొనవలెను. 1949 ఫిబ్రవరిలో శ్రీ రమణ మహర్షి ఎడమ మోచేతికడ నున్న చిన్న గడ్డను వైద్యులు తొలగించిరి. అది మరల వచ్చినది. మార్చిలో రెండవమారు కోసి, రేడియము చికిత్సయు చేసిరి. మరల వచ్చినది. ఆగస్టులో మూడవమారును, డిసెంబరులో నాల్గవమారును శస్త్రచికిత్స జరిగినది. అది సార్కోమా అను జాతి కాన్సరు. 1950 ఏప్రిల్ 14 రాత్రి మహర్షి దేహమును విడిచెను. ఆయన చేయిని తొలగించుటకు మాత్రము అంగీకరింపలేదు. అది డెబ్బది యేండ్లవాడైన ఒక జ్ఞాని తన దేహమును గూర్చి చేసిన నిర్ణయమే గాని, ఇతరులకు చికిత్సావిధి కాదు. గ్రహింపవలసినది వేరొకటి. గడ్డ తిరిగి వచ్చిన ప్రతిమారును ఆయన జ్ఞానము తరుగలేదు. ఆ జ్ఞానమును చూచి గడ్డయు తొలగిపోలేదు. కణముల పెరుగుదల భక్తిని కొలుచు తూనిక కాదు. కావున రోగి మంచమునొద్ద కూర్చుండి పూర్వకర్మమును వ్యాఖ్యానించుట బంధువులకు తగదు. కర్మసిద్ధాంతము తన నడవడిని దిద్దుకొనుటకే గాని, పరుల గాయమును కెలకుటకు కాదు.

అట్లయినచో వేచియున్న దినములలో చేయవలసిన దేమి? చేతిలోనున్న కర్తవ్యమును చేయవలెను. పరీక్షాదినమును దాటనీయరాదు. వైద్యుని అడుగవలసిన ప్రశ్నలను వ్రాసికొనవలెను. క్రొత్త నొప్పి గాని, ఆయాసము గాని కలిగినచో గడువు వరకు ఓర్చుకొనక వెంటనే తెలుపవలెను. జపము చేయువాడు స్కానులోని నీడను మార్చుటకై కాక, నీడ వెంట పరుగెత్తు మనస్సును నిలుపుటకై చేయవలెను. ఇంటివారు రోగికి తెలియకుండ కాగితములను దాచుటకు పూర్వము “నీకెంతవరకు తెలియవలెను?” అని అతనినే అడుగవలెను. నచికేతుడు యముని అడిగిన మొదటి వరము ఆత్మజ్ఞానము కాదు. తన తండ్రి మనస్సు శాంతించుట. దాచిన భయము ఇంటిలో ఒక్కొక్కరిని ఒక్కొక్క గదిలో బంధించును. చెప్పుకొన్న భయమును అందరును కలసి మోయవచ్చును.

తుదకు జవాబు వచ్చి, వ్యాధి వ్యాపించినదని తేలవచ్చును. అప్పుడు దుఃఖించుట దౌర్బల్యము కాదు. అటుపిమ్మటను తెలిసికొనవలసినది కలదు. రొమ్ము కాన్సరు ఎముకకు చేరినను అది ఎముక కాన్సరు కాదు, రొమ్ము కాన్సరే. చికిత్సయు దానికి తగినదే. పెక్కు సందర్భములలో దానిని నిర్మూలింపలేకపోయినను అదుపులో ఉంచవచ్చును. అట్లు కొందరు సంవత్సరముల తరబడి జీవించుచున్నారు. ఉపశమన వైద్యము కడపటి గడియలకు మాత్రమే కాదు; చికిత్సతోపాటే ఆరంభింపదగినది. తీవ్రమైన కాన్సరు నొప్పికి మార్ఫిను వాడదగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే సూచించెను. భారతదేశమున 2014లో జరిగిన చట్ట సవరణము అట్టి మందుల లభ్యతను సులభతరము చేయుటకు ఉద్దేశింపబడినది. నొప్పిని మౌనముగా భరించుట తపస్సు కాదు. నొప్పి తగ్గిన దేహముననే మనస్సు భగవంతుని స్మరించుటకు తీరిక పొందును.

స్కాను ఫలము రేపటిది. ఈ సాయంకాలము మాత్రము చేతిలోనిది. దీపము వెలిగింపవచ్చును, ఇంటివారితో కూడి రెండు ముద్దలు తినవచ్చును, చిరకాలముగా పలుకరింపని సోదరుని పలుకరింపవచ్చును. “నాకు తెలియదు, నీకు తెలియును” అని ఈశ్వరునితో చెప్పి నిద్రింపవచ్చును. నిద్ర పట్టనిచో ఆ మాటనే మరల చెప్పవచ్చును.