వచ్చిపోవు నొప్పి



మన సంఘములలో తరచుగా వినబడు ప్రశ్న ఒకటి గలదు. కారణము తెలియని నొప్పి అప్పుడప్పుడు వచ్చును. కొంతసేపటికి తానే పోవును. అట్టిదానికి వైద్యుని యొద్దకు పోవుట అవిశ్వాసమా? ఈ ప్రశ్నకు మేము ఒకసారి తప్పు జవాబిచ్చితిమి గనుక, దీనిని గూర్చి వ్రాయుటకు కొంత సిగ్గుపడుచున్నాము.

మా సంఘపు పెద్దలలో ఒకరికి, చెరువు గట్టు మీద గడ్డిమోపు మోసికొని వచ్చునపుడు రొమ్ము నడుమ బరువు పెట్టినట్లుండెడిది. చింతచెట్టు క్రింద మోపు దించి కాసేపు కూర్చుండగా పోయెడిది. బుధవారపు ప్రార్థన కూటములో ఆయన లేచి, ప్రార్థింపగానే ప్రభువు నొప్పిని తీసివేయుచున్నాడని సాక్ష్యమిచ్చిరి. కూటమంతయు ఆమేన్ అనెను. అందరికంటె బిగ్గరగా అన్నది మేమే. రెండు నెలల పిమ్మట ఒక తెల్లవారుజామున ఆయనను 108 బండిలో పట్టణమునకు చేర్చవలసి వచ్చెను. ప్రాణము దక్కినది గాని, గుండె కండరము కొంత చచ్చిపోయినది. ఇక అరక పట్టలేరు. అరుగు మీద కూర్చుందురు. ఒక్కనాడును మమ్మును నిందింపలేదు. ఆ మౌనము మాకు నిందకంటె భారముగా నున్నది.

అక్కడి డాక్టరుగారు మాకు విడమరచి చెప్పిరి. గుండెకు రక్తము తెచ్చు నాళము ఇరుకైనప్పుడు, పనిచేయు వేళ కండరమునకు చాలినంత రక్తమందక నొప్పి పుట్టును. విశ్రమింపగా అక్కర తగ్గి నొప్పి పోవును. అనగా, కూర్చుండగానే పోవుట స్వస్థతకు గురుతు కాదు, ఆ జబ్బుకే గురుతు! నొప్పి లేనప్పుడు తీసిన ఇ.సి.జి. బాగుగానే కనబడవచ్చును, కాబట్టి ఎప్పుడు వచ్చెనో, ఏమి చేయుచుండగా వచ్చెనో చెప్పవలెను. స్త్రీలకును షుగరు వ్యాధి గలవారికిని అది ఆయాసముగానో, పై కడుపులో మంటగానో రావచ్చును. మన పల్లెలలో గ్యాసు అను మాట క్రింద ఎన్ని జబ్బులు దాగియున్నవో!

కొందరు ఆసా రాజును చూపుదురు. అతడు పాదముల జబ్బులో యెహోవాను వెదకక వైద్యులనే వెదకెనని 2 దినవృత్తాంతములు 16లో నున్నది. తప్పు వైద్యులను వెదకుటలో లేదు, దేవుని విడుచుటలో నున్నది. హిజ్కియా కన్నీటితో ప్రార్థించెను. పదునైదు సంవత్సరముల ఆయుష్షు వాగ్దానముగా పొందెను. అయినను యెషయా అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించెను. ప్రార్థన ఆలకింపబడిన తరువాత మందెందుకని అక్కడ ఎవరును అడుగలేదు.

నొప్పి కేవలము శత్రువు కాదు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండుగారు, కుష్ఠరోగుల వ్రేళ్లు పాడగుట ఎక్కువగా నొప్పి తెలియకపోవుట వలననే యని చూపిరి. కాలినను వారెరుగరు, గాయపడినను ఎరుగరు. మనకు ఆ కావలివాడున్నాడు. అతడు కేక వేయగా మనము తలుపు మూసికొందుము.

నాట్లు వేసి వంగిన నడుము నొప్పికి పట్టణము పరుగెత్తుమని మేము చెప్పుట లేదు. ఆ నొప్పికి కారణము మనకు తెలియును. గాని ఒకే చోట మరల మరల వచ్చునది, నానాటికి పెరుగునది, నిద్ర లేపునది, జ్వరముతోనో రక్తముతోనో బరువు తగ్గుటతోనో కూడినది చూపించుకొనవలెను. రొమ్ము నొప్పి విశ్రమించినను తగ్గనియెడల, లేక చెమట పట్టి చేతికిని దవడకును ప్రాకినయెడల, తెల్లవారువరకు ఆగరాదు. నిజము చెప్పుకొందము: మనలో అనేకులు పోకుండుట విశ్వాసము చేత కాదు. ఏమి చెప్పుదురో అను భయము, ఖర్చు, పోవు కూలి. ఇవి నిజమైన భారములే. వాటికి విశ్వాసమని పేరు పెట్టుట మాత్రము తగదు.

మొన్న ఆరాధన ముగిసిన పిమ్మట ఒక సహోదరి వచ్చి, “అయ్యగారూ, కుడి డొక్కలో నొప్పి నెలకు రెండుసార్లు వచ్చి పోతున్నది, ప్రార్థన చేయండి” అనెను. ప్రార్థించితిమి. ఆమేన్ అనిన తరువాత, భోజనమైన పిమ్మట వచ్చునా, ఎంతసేపుండునని అడిగి కాగితము మీద వ్రాసితిమి. ఒకనాటి కూలి పోవునని ఆమె వెనుదీసెను. సోమవారము ఉదయపు బస్సులో మేమును మా యింటివారును ఆమెతో కూడ ఎక్కితిమి. కాగితము ఆమె కొంగున ముడివేసికొని యుండెను.