ఆకలికి కొత్త కర్మ సిద్ధాంతం

ఆళవిలో ఒక పేద రైతు తప్పిపోయిన ఎద్దును వెతికి మందలో కలిపేసరికి పొద్దెక్కింది. తినకుండానే ధమ్మోపదేశం వినడానికి పరుగెత్తుకొచ్చాడు. అతని కోసమే జేతవనం నుంచి ముప్పై యోజనాలు వచ్చిన తథాగతుడు, అతడు చేరేదాకా ఉపదేశం మొదలుపెట్టలేదు. చేరాక మొదట చేసింది, మిగిలిన ఆహారం అతనికి పెట్టించడం. భిక్షువులు గొణుక్కున్నారు కూడా. ధమ్మపదంలో ఆకలిని అన్ని రోగాల్లోకి పెద్దదిగా చెప్పిన గాథకు అట్ఠకథ ఇచ్చే నేపథ్యం ఇది. పూర్వజన్మలో ఏం చేసి ఇలా ఆకలితో ఉన్నావని తథాగతుడు ఆ రైతును అడగలేదు.

పేదవాడి దుస్థితికి గతజన్మ కర్మే కారణమనే సిద్ధాంతం, రాజ్యమూ సమాజమూ బాధ్యత తప్పించుకోవడానికే పనికొస్తుందని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో తేల్చారు. ఈ రోజుల్లో ఆ మాట చెప్పడానికి చదువుకున్నవాళ్లు మొహమాటపడతారు. దాని చోటికి ఇప్పుడు 'వాతావరణం' వచ్చింది.

పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్‌నే చూడండి. 2004లో అక్కడ వానలు తగ్గాయి, మిడతలు పడ్డాయి. 2005లో పిల్లలు ఎముకల గూళ్లయ్యారు. కానీ సంతల్లో సజ్జలు ఉన్నాయి. వాటి ధర పెరిగింది, అమ్ముకోవాల్సిన పశువుల ధర పడిపోయింది. ఉచితంగా పంచితే మార్కెట్ దెబ్బతింటుందని మొదట్లో తక్కువ ధరకు అమ్మారు. ఆ తక్కువ ధరా లేనివాళ్లే ఆకలితో ఉన్నవాళ్లు! 1943 బెంగాల్ కరువు మీద అమర్త్యసేన్ చెప్పిందీ ఇదే: తిండి లేకపోవడం వేరు, తిండి మీద హక్కు లేకపోవడం వేరు.

అయితే వాతావరణ మార్పు అబద్ధమా? కాదు. నైజర్ రైతు గాలిలోకి వదిలిన పొగ లెక్కలోకి రానంత తక్కువ, అనుభవిస్తున్నది మాత్రం అతడే. అట్ఠకథలు ఐదు నియామాలు చెబుతాయి. ఎండా వానా ఉతు నియామం కిందికి వస్తాయి. ఖాళీ కంచం ఏ నియామం కిందికీ రాదు, అది మనుషుల ఏర్పాటు.

సూరత్‌లో మనవాళ్ల సంగతి దీనికి దూరం కాదు. తెలంగాణ నుంచి వచ్చిన నేతపనివారు తరాలుగా ఇక్కడి పవర్‌లూమ్‌ల మీద బతుకుతున్నారు. భేస్తాన్ చుట్టూ ఉధనా, పాండేసరా, సచిన్ పారిశ్రామికవాడలు. పన్నెండు గంటల షిఫ్టు, రేకుల కప్పు, మీటరు లెక్కన కూలి. మే ఎండకు చేయి మందగిస్తే మీటర్లు తగ్గుతాయి, మీటర్లు తగ్గితే కూలి తగ్గుతుంది. అద్దె తగ్గదు కనుక మొదట పోయేది పిల్లల గుడ్డు, పాలు, పప్పు. దీన్ని ఎండదెబ్బ అందామా, కూలిదెబ్బ అందామా?

గుజరాత్ కరువు రాష్ట్రం కాదు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడ ఐదేళ్లలోపు పిల్లల్లో 39 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. తెలంగాణలో 33 శాతం. 2020 ఏప్రిల్‌లో సూరత్ కార్మికులు జీతమో, ఇంటిదారో చూపమని రోడ్డెక్కినప్పుడు ఏ వానా ఎగ్గొట్టలేదు. కేంద్ర గోదాముల్లో ఉండాల్సిన నిల్వకు మూడింతల ధాన్యం ఉంది.

దానం మంచిదే, ఏప్రిల్ 14న మనం పెట్టే అన్నమూ మంచిదే. కానీ చక్కవత్తి సీహనాద సుత్తంలో రాజు రక్షణ కల్పించాడు, పేదలకు ధనం మాత్రం ఇవ్వలేదు. పేదరికం, దొంగతనం, హత్య అక్కడి నుంచే వరుసగా వచ్చాయి. కూటదంత సుత్తం రైతుకు విత్తనం, వర్తకుడికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇమ్మంటుంది. అది భిక్ష కాదు, పాలన.

2013 ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యాన్ని హక్కు చేసింది. ఊరి కార్డుతోనే సూరత్‌లో తీసుకునే వీలూ ఉంది. కానీ తెలంగాణలో మనిషికి 6 కిలోలు సన్నబియ్యం ఇస్తుంటే, ఇక్కడ దొరికేది కేంద్రం వాటా మాత్రమే. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డైతే అదీ దొరకదు. పైగా లబ్ధిదారుల పరిమితి 2011 జనాభా లెక్కల దగ్గరే, 81.35 కోట్ల దగ్గరే ఆగింది. ఆ తర్వాత భేస్తాన్‌లో పుట్టిన బిడ్డ పేరు ఏ ఊరి కార్డులో ఉంది? విహారంలో వందనం అయ్యాక చాప మడవకుండా ఒక గంట కూర్చుంటే, ఎన్ని ఇళ్లలో ఆ పేరు లేదో, ఎందరు పిల్లల్ని అంగన్‌వాడీలో ఇంకా తూయలేదో రాసుకోవచ్చు. ఆ కాగితం పట్టుకుని రేషన్ కార్యాలయానికి నలుగురు కలిసి వెళ్లాలి.